గాలి ఎటునుంచి వస్తోంది?

మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు బోర్డులు రాశాడు. కిరాణా కొట్లు, టైలరు షాపులు, పళ్ళ డాక్టర్లు, ఎన్నికలొస్తే గోడలు. బోర్డు "రాయడం" అనాలి. "వేయడం" అన్నవాడు మా ఇంట్లో పరాయివాడి కింద లెక్క. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. 2023 వేసవిలో అమ్మా ఆయనా శాన్ డియేగోలో మా దగ్గర నాలుగు నెలలున్నారు. అమ్మకి పార్కులో ఒంగోలు వాళ్ళు, భీమవరం వాళ్ళు దొరికారు, రోజులు గడిచిపోయాయి. నాన్నకే ఏమీ తోచేది కాదు. ఓ ఆదివారం ఆయన్ని లా హోయాలో సముద్రం ఒడ్డునున్న మ్యూజియానికి తీసుకెళ్ళాను. నిజానికి ఒక్క గది చూపించడానికే తీసుకెళ్ళాను.

ఆ గదిలో గోడలకి బొమ్మల్లేవు. సముద్రం వైపు పెద్ద పెద్ద కిటికీ అద్దాలున్నాయి, ఎండ మరీ కొట్టకుండా కాస్త మసక రంగున్నవి. వాటి అవతల పామ్ చెట్లు, పసిఫిక్ సముద్రం. ఆ అద్దాల్లో మూడు చోట్ల, చిన్న టీవీ అంత మేర, పలకల్లాగా కాస్త తేటగా కనిపిస్తుంది. అంతే. దాని పేరు "1° 2° 3° 4°". 1997లో రాబర్ట్ ఇర్విన్ అనే అమెరికన్ కళాకారుడు చేశాడు.

"ఏందిరా, ఖాళీ గది చూపించడానికా ఇంత దూరం తెచ్చావు? చూడ్డానికి ఏముందిక్కడ?" అన్నాడు నాన్న.

నేను ఉపన్యాసం సిద్ధం చేసుకునే వచ్చాను. నోరు తెరిచేలోపు ఆయన మొహం పక్కకి తిప్పి, చెంప కాస్త పైకెత్తి ఆగిపోయాడు.

"గాలి ఎటునుంచి వస్తోంది?"

"ఏసీ అయ్యుంటుంది."

"ఏసీ గాలి కాదురా, తడిగా ఉంది."

చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గరకెళ్ళాడు. ఎదురుగా చూడలేదు. పక్కకి జరిగి, తల వంచి, అంచు చూశాడు. బోర్డు రాసేటప్పుడు రేకు వంపు తిరిగిందేమో అని అట్లాగే ఏటవాలుగా చూసేవాడు. "కోశారురా అద్దాన్ని" అన్నాడు. తేటగా కనిపించే ఆ పలకలు వేరే రకం అద్దం కాదు. అక్కడ అద్దమే లేదు. నేను ఆ గదికి అప్పటికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడు గోడ మీది చీటీ చదివాకే నాకు చిల్లు కనపడింది. ఆయనకి చెంప చెప్పింది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆ గదిలోనే ఉన్నాడు. చిల్లులోంచి కనిపించే సముద్రానికీ, దాని చుట్టూ అద్దంలోంచి కనిపించే సముద్రానికీ రంగు తేడా చూశాడు. రెంటి మధ్యా నీటి అంచు గీత తెగకుండా సాగుతోందా లేదా అని ఒక కన్ను మూసి చూశాడు. అలల చప్పుడు ఏ చిల్లు దగ్గర ఎక్కువుందో విన్నాడు. బయటికొచ్చాక "బావుందా?" అన్నాను.

"బావుండటానికేముంది, చిల్లేగా."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ జవాబే. "చూడ్డానికి ఏముందిక్కడ" అన్నవాణ్ణి చూసి మ్యూజియాలకి అలవాటు పడ్డ జనం లోలోపల నవ్వుకుంటారు. వాడికి కళ తెలీదు పాపం, అనుకుంటారు. నా వాదన వేరు. ఇర్విన్ చేసినవాటి ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఆ ప్రశ్న అడక్కుండా చేతులు కట్టుకుని తలాడించేవాడే మోసపోయినవాడు. తలాడించిన వాళ్ళలో నేనూ ఉన్నాను, అది తర్వాత చెబుతాను.

ఇలాంటి కళని మినిమలిజం అంటారు, అంటే వీలైనంత తగ్గించుకుంటూ పోవడం. ఆ మాటకి ఇప్పుడు పట్టిన గతి చూస్తే జాలేస్తుంది. తెల్ల సోఫా, తెల్ల గోడ, మూలన ఒక మొక్క, ఇంటీరియర్ వాళ్ళ బిల్లు. 1960ల న్యూయార్కులో ఆ మాట వచ్చినప్పుడు డొనాల్డ్ జడ్ పెట్టెలూ, డాన్ ఫ్లావిన్ ట్యూబులైట్లూ దాని కిందికొచ్చాయి. ఇర్విన్ది కాలిఫోర్నియా. అక్కడివాళ్ళకి విమర్శకులు "లైట్ అండ్ స్పేస్" అని ఇంకో పేరు పెట్టారు. పేర్ల గొడవ నాకు పెద్దగా పట్టదు. ఒక తేడా మాత్రం ముఖ్యం. న్యూయార్కు వాళ్ళు తగ్గించుకుంటూ పోయినా చివరికి ఒక వస్తువు మిగిలింది. ఇర్విన్ తగ్గించుకుంటూ పోయి వస్తువునే వదిలేశాడు. మిగిలింది చూసేవాడు. ఇది అందంగా వినిపించే మాటే గానీ అక్కడికి చేరడానికి ఆయన పడ్డ పాట్లు అంత అందమైనవి కావు, కూలి పని లాంటివి.

1962 నుంచి 1964 దాకా, రెండేళ్ళు, ఇర్విన్ లాస్ ఏంజెలెస్‌లో తన స్టూడియోలో గీతలు గీశాడు. దాదాపు ఏడడుగుల కాన్వాసు, దాని నిండా ఒకటే రంగు, దాని మీద అదే రంగుకి దగ్గరగా ఉండే గీతలు. చివరికొచ్చేసరికి ఒక్కో కాన్వాసులో రెండేసి గీతలే మిగిలాయి. రెండేళ్ళ శ్రమకి తేలినవి పది కాన్వాసులు. రోజంతా కుర్చీలో కూర్చుని గీత కేసి చూసేవాడు, కునుకు తీసేవాడు, లేచి మళ్ళీ చూసేవాడు, గీతని అంగుళంలో ఎనిమిదో వంతు పైకి జరిపేవాడు. అంత చిన్న జరుపుకి మొత్తం కాన్వాసు మారిపోయేది. ఓ రోజు స్టూడియో గోడ మీద ఒక పగులు కంటికి తగిలింది. పగులు బొమ్మలో లేదు, గోడ మీదుంది. అయినా బొమ్మని చూస్తున్నప్పుడు కన్ను దాన్నీ చూస్తోంది. గోడ పూడ్చి రంగేశాక అదే బొమ్మ వేరేగా కనిపించిందట. బొమ్మ ఫ్రేము దగ్గర ఆగదనే అనుమానం అక్కడ మొదలైంది. తర్వాత ముప్ఫై ఏళ్ళకి సముద్రం ముందు అద్దం కోసేదాకా ఆ అనుమానమే ఆయన్ని నడిపించిందని నేననుకుంటాను.

ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. జింకు రేకుకి ప్రైమరు కొట్టి ఆరాక, నాన్న ఒక చివర మేకుకి దారం కట్టి రెండో చివర నా చేతికిచ్చేవాడు. దారానికి సుద్దపొడి పూసి ఉండేది. బిగించి పట్టుకుంటే మధ్యలో రెండు వేళ్ళతో లాగి టప్పున వదిలేవాడు. రేకు మీద తెల్లటి గీత పడేది. దాన్ని "దారం కొట్టడం" అంటారు. గీత పడగానే బ్రష్షు పట్టుకునేవాడు కాదు. రోడ్డు దాటి అవతలి వైపు కాఫీ కొట్టు ముందు నిలబడి చూసేవాడు. వచ్చి తుడిచేసి, ఒక నూలు మేర పైకి జరిపి మళ్ళీ కొట్టించేవాడు. "బద్ద పెట్టి కొలిస్తే సమానంగానే ఉంది కదా" అని నేను విసుక్కుంటే, "బద్ద చదవదురా బోర్డుని, మనిషి చదువుతాడు" అనేవాడు. అక్షరాల వరస కొలతకి సమానంగా ఉంటే కంటికి కిందికి జారినట్టుంటుంది. అడుగున కాస్త ఎక్కువ జాగా వదిలితేనే నిలబడుతుంది. కొమ్ములూ దీర్ఘాలూ ఉన్న మన లిపికి ఇది మరీ ఎక్కువ.

ఇక్కడ జాగ్రత్తపడాలి. మా నాన్న తెలీకుండానే ఇర్విన్ అని నేను చెప్పడం లేదు, అలాంటి కథలంటే నాకు పరమ చిరాకు. నాన్నకి బోర్డు అంటే చదివించడానికి, దూరం నుంచి కనపడటానికి, పై వారం బాకీ వసూలు చేసుకోవడానికి. ఇర్విన్ గీతలు దేన్నీ చదివించవు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, చూడటాన్ని పనిగా పెట్టుకోవడం. కూలి ఇచ్చే పనిగా కూడా కాదు, చేతకావాల్సిన పనిగా.

అందుకే, ఇర్విన్ గురించి మన గ్రూపుల్లో ఎప్పుడైనా నాలుగు ముక్కలు రాస్తే వచ్చే జవాబుంది చూశారూ, "ఇదంతా మన వేదాంతంలో ఎప్పుడో ఉంది, మాయావాదమే ఇది" అని, అది చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. శంకరుల మీద కోపం కాదు. అలా అనేవాళ్ళు ఒక్క గీతని పది నిమిషాలు చూసి ఉండరు, అదీ నా కోపం. ఇర్విన్ 1928లో లాంగ్ బీచ్‌లో పుట్టాడు. కుర్రతనంలో పాత కార్లు విప్పి మెరుగు పెట్టడం పిచ్చి. చాలా ఏళ్ళు గుర్రప్పందేల మీద కట్టి పొట్ట పోసుకున్నాడు. అదృష్టం మీద కాదు, గుర్రాల లెక్కలన్నీ కూలంకషంగా చదివి. ఏ గంటలో చూసినా చేతిలో కోకాకోలా. ఒకసారి న్యూయార్కు నుంచి వచ్చిన విమర్శకుడితో వాదన పడ్డాడు. పాత కారు తీసుకుని ఏ భాగం మెరవాలో ఏది మెరవకూడదో తేల్చుకునే కుర్రాడు చేసేది కూడా కళేనన్నాడు ఇర్విన్. అతను ఒప్పుకోలేదు. కారు ఆపి అతన్ని రోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయానని ఇర్వినే చెప్పుకున్నాడు. ఈ మనిషికి కాషాయం కడితే కుదరదు.

ఆయన ధ్యానం లాంటివి చేయలేదని కాదు. 1968, 69లలో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం వాళ్ళు కళాకారుల్ని కంపెనీలతో జతకట్టే పథకం ఒకటి పెట్టారు. అందులో ఇర్విన్, జేమ్స్ టరెల్ అనే ఇంకో కళాకారుడు, అంతరిక్ష యాత్రల సంస్థకి పనిచేసే కంపెనీలోని ఎడ్ వోర్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కలిశారు. చప్పుడూ వెలుతురూ లేని గదిలో గంటల తరబడి కూర్చునేవారు. అక్కడ కూర్చుంటే సొంత గుండె చప్పుడు వినపడుతుంది, కళ్ళలో లేని వెలుగులు కదులుతాయి. బయటికొచ్చాక కాసేపు వీధి, చెట్లు, ఇళ్ళు కొత్తగా కనిపించేవట. కానీ గమనించండి, వాళ్ళు చేసింది ప్రయోగం. నోటు పుస్తకాలు, కొలతలు, వాదనలు. టరెల్ మధ్యలోనే తప్పుకున్నాడు. మోక్షం దొరికిందని ఎవరూ అనలేదు.

1970లో ఇర్విన్ స్టూడియో వదిలేశాడు. బొమ్మలు అమ్ముకుని బతికే మనిషి బొమ్మలు చేసే గదినే వదిలేశాడు. ఏం చేయాలో తెలీక ఎడారుల్లో కారేసుకుని తిరిగాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరకెళ్ళి మాట్లాడతానని ప్రకటించాడు, కాలేజీలు పిలిచాయి, వెళ్ళాడు. ఆ తర్వాత చేసినవన్నీ ఒక చోటు చూసి, ఆ చోటుకే చేసినవి.

వాటిలో ఒకటి దొరికితే నేను చచ్చేలోపు చూడాలనుకున్నాను, కుదర్లేదు. 1977లో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో, నాలుగో అంతస్తు మొత్తం ఖాళీ చేయించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పలచటి తెల్ల బట్ట కట్టాడు. కప్పు నుంచి మనిషి కళ్ళ ఎత్తు దాకా దిగుతుంది. బట్ట అడుగున నల్లటి కడ్డీ, అదే ఎత్తులో గోడల చుట్టూ నల్ల గీత. వెలుతురు ఒక్క పెద్ద కిటికీ నుంచి వచ్చేది మాత్రమే. అది ఆ గదికి తప్ప ఇంకెక్కడా పనికిరాదు. విట్నీ వాళ్ళు ఆ భవనం ఖాళీ చేసేముందు 2013లో మళ్ళీ కట్టారు. అప్పుడు నేను న్యూజెర్సీలోనే ఉన్నాను, గంటంబావు దూరం. ప్రాజెక్టు రిలీజు ఉందని వెళ్ళలేదు. ఆ రిలీజులో ఏముందో ఇప్పుడు దేవుడికే ఎరుక.

ఆ బట్టని వాళ్ళు స్క్రిమ్ అంటారు, నాటకాల వాళ్ళ సరుకు. మనకి అది దోమతెర. ఆరుబయట మంచం మీద దోమతెరలో పడుకున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ శాస్త్రం తెలుసు. దీపం బయటుంటే లోపలున్న మనకి వాకిలంతా కనిపిస్తుంది, లోపలున్న మనం బయటి వాళ్ళకి కనపడం. బ్యాటరీ లైటు లోపల వెలిగిస్తే తెర గోడైపోతుంది, బయట ఏముందో మనకి తెలీదు, బయటివాళ్ళకి మాత్రం మనం నాటకంలో పాత్రల్లా కనిపిస్తాం. బట్ట అదే, చిల్లులూ అవే, మారింది వెలుగున్న చోటు. ఆ లెక్కలో దోమతెర ఒక వస్తువని కూడా అనలేం, ఎటునుంచి ఎవరు చూస్తున్నారో తెలిస్తేనే అదేమిటో తెలుస్తుంది. ఇర్విన్ నలభై ఏళ్ళకి పైగా ఆ బట్టని వదల్లేదు. 2016లో టెక్సాస్ ఎడారి ఊరు మార్ఫాలో పాత మిలిటరీ ఆసుపత్రి స్థలంలో కట్టిన భవనంలోనూ అదే. ఒక పక్క తెల్ల తెరలు, ఒక పక్క నల్ల తెరలు, కళ్ళ ఎత్తున కిటికీల్లో ఆకాశం.

ఆయన చేసిన వాటిలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. చాలాకాలం తన బొమ్మలకి ఫొటోలు తీయనిచ్చేవాడు కాదు. పత్రికలు అడిగినా సరే. ఫొటోలో బొమ్మ వస్తుంది, దాని ప్రెజెన్స్ రాదు అన్నది ఆయన పట్టు. ప్రెజెన్స్‌కి తెలుగులో సన్నిధి అందామంటే వెంటనే కర్పూరం వాసనొస్తుంది. ఉనికి అందామంటే సిద్ధాంత గ్రంథంలా ఉంటుంది. నాకు తోచిన మాట "ఎదుట". ఎదుట ఉండటం, అంతే. 1964 తర్వాత వేసిన చుక్కల బొమ్మల్నే తీసుకోండి. కాస్త ఉబ్బెత్తుగా ఉండే కాన్వాసు మీద వేల కొద్దీ ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు, ఒకదాన్నొకటి చంపేసుకునేట్టు పెట్టాడు. ఎదుట నిలబడితే మొదట తెల్ల కాన్వాసే. కాసేపటికి మధ్యలో ఏదో ఆవిరిలాంటిది కదులుతుంది. ఫోనులో తీస్తే మురికి గుడ్డ.

ఫోను లేకుండా చూడటం ఇప్పుడు మనవాళ్ళకి మిగిలిన చోటు తిరుమల ఒక్కటే అనిపిస్తుంది. అక్కడ ఫోను లోపలికి రానివ్వరు, కాబట్టి చచ్చినట్టు చూడాలి. తమాషా ఏమిటంటే గంటల తరబడి లైన్లో నిలబడి, ఆ నాలుగు సెకన్లు దక్కగానే చాలామంది కళ్ళు మూసుకుంటారు. మా అమ్మ ప్రతిసారీ అంతే. "చూడ్డానికే కదమ్మా వెళ్ళింది" అంటే, "చూస్తే చూడటంతో సరిపోతుంది, దణ్ణం ఎప్పుడు పెట్టుకోను" అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. చూడటమే అన్నిటికీ కొలమానం అనుకునే నాలాంటి వాడికి ఇది అడ్డం తిరిగే ప్రశ్నే, తెలిసే ఇక్కడ పెడుతున్నాను.

జూలైలో అందరం లాస్ ఏంజెలెస్‌లో గెట్టీ సెంటర్ అనే మ్యూజియానికి వెళ్ళాం. కారు కింద పెట్టి ట్రామెక్కి కొండ మీదికెళితే ఆర్కిటెక్టు రిచర్డ్ మయర్ కట్టిన భవనాలు, లేత రంగు రాయి, గళ్ళు గళ్ళుగా కొలిచి కోసినట్టు. వాటి మధ్య లోయలో ఇర్విన్ చేసిన తోట. 1992లో ఆ పని ఒప్పుకునేనాటికి ఆయనకి మొక్కల గురించి ఏమీ తెలీదు. మయర్‌కి ఆ తోట ససేమిరా ఇష్టం లేదు, ఇద్దరి కీచులాట జగమెరిగినది. 1997 డిసెంబరులో అన్నీ కలిపే జనానికి తెరిచారు. రెండుసార్లు ఒకేలా ఉండదనే అర్థం వచ్చే మాట నేల రాయి మీద చెక్కించుకున్నాడు. నాకు ఆ చెక్కుడు నచ్చదు. తోట చెప్పేదాన్ని రాయి చెప్పక్కర్లేదు.

దారి వంకర్లు తిరుగుతూ ఓ చిన్న వాగుని దాటుకుంటూ దిగుతుంది. దాటిన ప్రతిసారీ నీటి చప్పుడు మారుతుంది. వాగులో రాళ్ళని అందుకోసమే అట్లా పేర్చారు. పైన గలగల, కింద లోతుగా. అమ్మ ఆ వంతెనల దగ్గర ఆగి ఆగి నడిచింది, ఎందుకాగుతోందో ఆమెకీ తెలీదు. అడుగున కొలను, అందులో అజేలియా పొదలతో తీగలు అల్లినట్టు చిక్కుముడి. నాన్న వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన కాగితం పూల దగ్గర ఆగిపోయాడు. ఇర్విన్ అక్కడ కాగితం పూల తీగలకి ఊతంగా ఎత్తైన పందిళ్ళు కట్టించాడు. అడుగున కట్టకట్టినట్టుండి పైకి పోయేకొద్దీ గొడుగులా విచ్చుకుంటాయి, మీద పూలు.

"ఇవి స్లాబు ఊచలు కదరా?" అన్నాడు నాన్న.

నిజంగానే స్లాబు ఊచలు. కాంక్రీటులో వేసే గీతలు పడ్డ ఇనుము, మన ఊళ్ళో సగం కట్టిన ప్రతి డాబా మీదా రేపటి అంతస్తు కోసం ఆకాశంలోకి లేచి తుప్పు పడుతూ ఉంటాయే, అవే. దగ్గరికెళ్ళి వంపు ఎలా తిప్పారో చూశాడు. అతుకులు లెక్కబెట్టాడు. "డబ్బున్నోళ్ళ కొండ మీద స్లాబు ఊచలు పెట్టించాడంటే వీడు గట్టోడే" అన్నాడు. ఇర్విన్ గురించి నేను చదివిన విమర్శల్లో నాకు బాగా నచ్చిన వాక్యం అది. మిగతా తోటకి ఆయన ఇచ్చిన మార్కులు తక్కువే. "పార్కు బాగా చూసుకుంటున్నారు" అన్నాడు, మునిసిపాలిటీ వాళ్ళని మెచ్చుకున్నట్టు.

ఇక నేను మోసపోయిన సంగతి. ఆ ఏడాది మొదట్లో, పేరు చెప్పను, ఒక మ్యూజియంలో ఇర్విన్ డిస్కు చూశాను. 1966 నుంచి 69 దాకా చేసిన వరస అది. గుండ్రటి పళ్ళెం, గోడకి అంటకుండా ముందుకు నిలబడి ఉంటుంది, అంచులు గోడ రంగులోకి కలిసిపోయేట్టు రంగు చల్లారు. నాలుగు మూలల నుంచి నాలుగు లైట్లు పడతాయి. గోడ మీద నాలుగు నీడలు ఒకదాని మీదొకటి పడి పువ్వు రేకుల్లా ఉంటాయి. కాసేపటికి ఏది పళ్ళెం, ఏది నీడ, ఏది గోడ అన్నది తేలదు. కొంతసేపు నీడే గట్టిగా, పళ్ళెమే పలచగా ఉంటుంది. అది నాకు పుస్తకాల్లో తెలిసిన డిస్కు. నేను చూసినప్పుడు మాత్రం ఒక పక్కకి ఒరిగినట్టుంది. పది నిమిషాలు నిలబడ్డాను. ఆ ఒరగడం ఎంత గొప్పగా ఉందో, సమతూకాన్ని చెడగొట్టి కంటిని ఎలా కదిలిస్తున్నాడో అని నాలో నేను ఓ పేరా రాసేసుకున్నాను. బయటికొస్తుంటే కాపలా అమ్మాయి ఎవరితోనో అంటోంది, లైటొకటి పోయింది, సోమవారం గానీ మార్చరు అని.

మూడు లైట్లు, మూడు నీడలు. నేను మెచ్చుకున్నది కాలిపోయిన బల్బుని.

చాలా రోజులు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఇర్విన్ అంటే గిట్టని వాళ్ళు, చూశారా, ఏం పెట్టినా మీరు గొప్పదంటారు, అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కాదనను. తెల్ల గోడ, మెత్తటి లైటు, గోడ మీద చీటీ ఉంటే మనం ముందే ఒంగిపోయి ఉంటాం. రెండో రకం ఇర్విన్ భక్తులది. అనుభవం అనుభవమే, బల్బు పోతేనేం, అంటారు. ఇది నాకు అస్సలు మింగుడు పడదు. అంగుళంలో ఎనిమిదో వంతు కోసం రోజంతా కూర్చున్న మనిషి పనిలో లైటు పోతే ఏమీ కాదంటే ఆయన పడ్డ రెండేళ్ళ పాట్లకి అర్థమేముంది? దారం నూలు పక్కకి పడితే నాన్న తుడిచేసేవాడు. "అదో రకం అందం" అనేవాడు కాదు.

నా తప్పు మెచ్చుకోవడంలో లేదు, అడగకపోవడంలో ఉంది. నేను ఆ గదిలోకి జవాబుతో వెళ్ళాను. డిస్కు గురించి నాకు ముందే తెలుసు, నీడల సంగతి తెలుసు, ఏమనుకోవాలో తెలుసు. "ఒరిగినట్టుంది, ఎందుకు?" అన్న ప్రశ్న వచ్చీ రాగానే దానికో మెప్పుకోలు అంటించి నోరు నొక్కేశాను. లా హోయాలో నాన్నకి ఏమీ తెలీదు. అందుకే గాలి ఎటునుంచి వస్తోందో తెలుసుకునేదాకా ఊరుకోలేదు. తెలీకపోవడం గొప్పని ఇక్కడ ఎవరూ అర్థం చేసుకోకండి. ఆయనకి తెలీనిది ఇర్విన్ పేరు. రేకు వంపూ, అంచూ, గాలివాటం చూడటంలో ఆయనకి ముప్ఫై ఏళ్ళ చేయి ఉంది. పెయింటు ఆరకముందే దుమ్ము ఎటు నుంచి లేస్తుందో చూసుకోకపోతే బోర్డు పోయినట్టే.

ఇర్విన్ మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. ఫొటో వద్దు, వేరే చోటికి కదపొద్దు, ఎదుట నిలబడాలి, సమయం పెట్టాలి. బావుంది. మార్ఫాకి వెళ్ళాలంటే ఎల్ పాసోలో విమానం దిగి ఎడారిలో మూడు గంటలు కారు నడపాలి. "ఎదుట" అన్నది చాలా ఖరీదైన మాట. తెనాలిలో ఉన్న పిల్లకి చుక్కల బొమ్మ ఎదుట నిలబడే దారి ఏదీ? ఆ పిల్లకి దొరికేది ఫోనులో మురికి గుడ్డే. గెట్టీకి టిక్కెట్టు లేదు, నిజమే, పార్కింగుకి మాత్రం ఉంది. న్యూయార్కు దగ్గర బీకన్‌లో పాత బిస్కెట్ల కంపెనీ డబ్బాలు అచ్చేసిన ఫ్యాక్టరీని మ్యూజియం చేసినప్పుడు, 2003లో, కిటికీలన్నీ గరుకు అద్దంతో నింపి అక్కడక్కడా ఒక్కో గడి మాత్రం తేటగా వదిలించాడు ఇర్విన్. వెలుగు గదంతా వస్తుంది, బయటి లోకం గడి గడిగా వస్తుంది. అది కంటికి ఎంత సుఖమో చెప్పలేను. కానీ ఎవరి కంటికి అన్న ప్రశ్న ఆ గడిలోంచి రాదు.

నాన్న వాళ్ళు సెప్టెంబరులో వెళ్ళిపోయారు. అక్టోబరు 25న ఇర్విన్ పోయాడు, ఇక్కడ శాన్ డియేగోలోనే, తొంభై ఐదేళ్ళకి. ఆ వార్త చదివి నాన్నకి ఫోను చేశాను. ఎవరని చెప్పాలో తెలీక, "అద్దం కోసినాయన" అన్నాను.

"ఊచల మనిషేగా" అన్నాడు.

మాటల్లో మాటగా ఆ బల్బు సంగతి మొదటిసారి ఆయనకే చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాలుగు మూలలా లైట్లన్నావు. పోయింది ఏ మూలది?"

"అంటే?"

"కింద ఎడమ పక్కది పోతే నీడ పైన కుడిపక్క ఉండదు. పైది పోతే కింద ఉండదు. ఏ పక్క నీడ లేదు?"

పది నిమిషాలు నిలబడి చూశాను. పేరా రాసుకున్నాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఎంత గింజుకున్నా, ఏ పక్కో గుర్తు రాలేదు.